ఏరియల్ కదలదు, దిక్కు తిరుగుతుంది: మిద్దె మీద గోనియోమీటర్ రిసీవర్ కట్టుకోవడం

అనంతపురంలో మా మిద్దె మీద నిలబడితే కడప తూర్పున ఉంటుంది, బెంగళూరు నేరుగా దక్షిణాన ఉంటుంది. మ్యాపు మీద కోణమానిని పెట్టి కొలిస్తే కడప సుమారు 100 డిగ్రీలు, బెంగళూరు 180 డిగ్రీలు. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద, బెంగళూరు 612 మీద, రెండూ మీడియం వేవ్. ఈ రెండు ఊళ్ళూ మనకు ఇంచుమించు లంబకోణంలో ఉండటం నాకు పెద్ద వరంగా తోస్తుంది. దిక్కు తిప్పే ఏరియల్ కట్టినవాడికి అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పే సాక్షులు ఇద్దరు ఊరికే దొరికినట్టు.

పాతూరులో ముప్పై ఏళ్ళకు పైగా రేడియోలు, టీవీలు రిపేరు చేశాను. అన్నిటికంటే నాకు ఇష్టమైన పని ఈ దిక్కు తిప్పే ఏరియల్ కట్టడం. మా తమ్ముడి కూతురు ఇంటర్ చదువుతోంది. పోయిన వేసవి సెలవుల్లో ఆ పిల్లా నేనూ కలిసి కట్టాం. కట్టిన క్రమం, మేం చేసిన తప్పులు, వాటిని దిద్దుకున్న తీరు చెబుతాను.

ముందు అసలు సంగతి. పాకెట్ రేడియోలో మీడియం వేవ్ వింటూ రేడియోను అటూ ఇటూ తిప్పితే ఒకచోట శబ్దం గట్టిగా, ఒకచోట నీరసంగా వస్తుందని అందరికీ తెలుసు. లోపలున్న ఫెరైట్ కడ్డీ దిక్కు మారడం వల్ల అలా జరుగుతుంది. అంటే అక్కడ మనం ఏరియల్‌నే తిప్పుతున్నాం. ఏరియల్ పెద్దదైతే? అమెరికాలో హోమ్‌డెల్ అనే చోట 1931లో కార్ల్ జాన్స్‌కీ అనే ఇంజనీర్ దాదాపు 30 మీటర్ల పొడవున్న ఏరియల్‌ను ఫోర్డ్ మోడల్ టీ కారు చక్రాల మీద నిలబెట్టి, ఇరవై నిమిషాలకు ఒక చుట్టు తిరిగేలా చేశాడు. పాలపుంత నుంచి వచ్చే రేడియో హోరును మొదట విన్నది ఆ యంత్రమే. గొప్ప పని. కానీ అంత బరువును తిప్పనక్కర లేని దారి అప్పటికే ఒకటి ఉంది. 1907లో ఎత్తోరె బెల్లినీ, అలెస్సాండ్రో టోసీ అనే ఇద్దరు ఇటాలియన్లు దాన్ని కనిపెట్టారు. 1912లో మార్కోనీ కంపెనీ ఆ పేటెంట్లు కొనుక్కుంది. మనం కట్టబోయేది అదే.

వాళ్ళ ఉపాయం ఇది. రెండు పెద్ద వైరు లూపులు, ఒకటి ఉత్తర దక్షిణాలుగా, ఒకటి తూర్పు పడమరలుగా, కదలకుండా నిలబెడతారు. ఒక్కో లూప్ నుంచి వచ్చిన తీగలు గదిలో ఉన్న డబ్బా మీది ఒక్కో కాయిల్‌కు చేరతాయి. ఆ రెండు కాయిల్సూ కూడా ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. బయట అల ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కుకు తగ్గ పాళ్ళలో రెండు లూపుల్లో కరెంటు పుడుతుంది, అవే పాళ్ళలో డబ్బాలో అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అంటే మిద్దె మీది దిక్కు చిన్న ఆకారంలో డబ్బా లోపలికి దిగివస్తుంది. దాని మధ్యలో ఒక చిన్న కాయిల్ పెట్టి దాన్ని తిప్పితే, పైనున్న ఏరియల్‌ను తిప్పినట్టే. ఈ డబ్బానే గోనియోమీటర్ అంటారు.

డబ్బాతోనే మొదలుపెట్టండి. మిగతా పనంతా కలిపినా దీనికి పట్టినంత ఓపిక పట్టదు.

పెద్ద పైపు: 110 ఎం.ఎం. పీవీసీ పైపు, 12 సెంటీమీటర్ల ముక్క, దానికి రెండు వైపులా ఎండ్ క్యాపులు. చిన్న పైపు: డ్రిప్ వేసుకునే రైతులు వాడే 63 ఎం.ఎం. పైపు, 5 సెంటీమీటర్ల ముక్క. ఇరుసుకు 8 ఎం.ఎం. మందమున్న గుండ్రటి చెక్క పుల్ల. ఇనుప కడ్డీ వద్దు, లోపలి క్షేత్రాన్ని అది చెడగొడుతుంది. ఎనామెల్ వైరు మోటారు వైండింగ్ షాపులో తూకానికి ఇస్తారు, 26 గేజి అడగండి.

చిన్న పైపు ముక్కకు నడుమ అడ్డంగా రంధ్రం వేసి ఇరుసు దూర్చండి. అంటే ఇరుసు పైపు పొడవునా పోదు, దాని పొట్టలోంచి అడ్డంగా పోతుంది. ఆ ఇరుసుకు ఒక పక్క 28 చుట్లు, రెండో పక్క 28 చుట్లు, ఒకే వైపు తిరిగేలా, చుట్టుకు చుట్టు ఆనించి చుట్టండి. మొత్తం 56 చుట్లు. లెక్క ప్రకారం దీని ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును కాయిల్ అడ్డుకునే గుణం, 190 మైక్రోహెన్రీల దగ్గర ఉంటుంది. పాత వాల్వు రేడియోలోని 500 పీఎఫ్ గ్యాంగ్, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే కండెన్సర్, దీనికి జతచేస్తే మీడియం వేవ్ కింది కొస దాకా ట్యూన్ అవుతుంది.

ఇప్పుడొక హెచ్చరిక. తిరిగే కాయిల్‌ను ముందు పెద్ద పైపులో పెట్టి, ఇరుసు రెండు క్యాపుల నడిమి రంధ్రాల్లోంచి బయటికి వచ్చేలా బిగించి, అది ఎక్కడా తగలకుండా తిరుగుతోందని చూసుకున్నాకే బయటి కాయిల్స్ చుట్టాలి. మేం బయటివి ముందు చుట్టాం. అవి క్యాపుల మీదుగా పోతాయి కాబట్టి క్యాపు మళ్ళీ ఊడదు. చుట్టిందంతా విప్పి మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది, ఒక మధ్యాహ్నమంతా పోయింది. లోపలి కాయిల్ రెండు కొసలకూ మెత్తటి ఫ్లెక్సిబుల్ వైరు అతికి, మెలిపెట్టి, నాబ్ లేని వైపు క్యాపులోంచి బయటికి తీయండి. లోపల ఒక చుట్టు వదులు ఉంచితే తిప్పేటప్పుడు తెగదు.

బయటి కాయిల్స్ విషయంలో లంబకోణమే ప్రాణం. దానికి మూలమట్టం అక్కర్లేదు. ఒక కాగితపు పట్టీని క్యాపు చుట్టూ చుట్టి, కలిసినచోట కత్తిరించండి. దాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడవండి. విప్పి మళ్ళీ క్యాపుకు చుడితే మడతలు ఉన్న నాలుగు చోట్లే నాలుగు దిక్కులు. రెండో క్యాపు మీద కూడా అదే వరసలో గుర్తులు పెట్టండి. ఎక్సా బ్లేడుతో ఆ గుర్తుల దగ్గర చిన్న గాట్లు పెడితే వైరు జారదు. ఈ సైజు క్యాపు మీద వైరు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే దిక్కులో దాదాపు ఒక డిగ్రీ తప్పు వస్తుంది. అందుకే ఇక్కడ తొందరపడొద్దు అంటున్నాను.

ఒక్కో బయటి కాయిల్ 6 చుట్లు: పైపు పొడవునా ఒక గుర్తు మీదుగా వెళ్ళి, క్యాపు దాటి, ఎదుటి గుర్తు మీదుగా వెనక్కి. ఇరుసుకు అటు 3, ఇటు 3. సగం చుట్టాక నడుమ ఒక మెలి బయటికి వదలండి, దాంతో తర్వాత పని ఉంది. రెండో కాయిల్ కూడా అలాగే, మిగిలిన రెండు గుర్తుల మీదుగా. అన్నీ కుదిరాక ఎం-సీల్ పెట్టి కదలకుండా చెయ్యండి.

ఆరు చుట్లే ఎందుకంటే, పైన కట్టే లూప్ ఇండక్టెన్సూ ఈ కాయిల్ ఇండక్టెన్సూ ఇంచుమించు సమానంగా ఉంటేనే లూప్ పట్టిన సిగ్నల్ డబ్బాలోకి బాగా దిగుతుంది. రెండు మీటర్ల భుజమున్న చదరపు లూప్, ఒకే చుట్టు, 11 మైక్రోహెన్రీల దాకా ఉంటుంది. ఈ ఆరు చుట్లు కూడా ఆ దగ్గరే.

లూపుల పని తేలిక. ఒక పొడవాటి వెదురు బొంగు నిలువుగా, దాని నడుమ 2 మీటర్ల 83 సెంటీమీటర్ల బొంగులు రెండు అడ్డంగా ప్లస్ గుర్తులా కట్టండి. ఒక్కో అడ్డబొంగు కొసల మీదుగా, నిలువు బొంగు మీదా కిందా కలుపుతూ హౌస్ వైరింగ్ వైరు 8 మీటర్లు లాగితే వజ్రం ఆకారంలో లూప్ వస్తుంది. రెండు లూపులూ సమానంగా ఉండాలి. కింది కొస దగ్గర తెరిచి, రెండు తీగలు మెలిపెట్టి గదిలోకి దించండి. ఈ మెలితీగలు కూడా రెండు జతలూ ఒకే పొడవు, వీలైనంత పొట్టిగా. కరెంటు తీగల పక్కన బొంగు లేపకండి.

రిసీవర్‌కు మామూలు ట్రాన్సిస్టర్ పనికిరాదు. దాని లోపలి ఫెరైట్ కడ్డీ మన గోనియోమీటర్‌ను పట్టించుకోకుండా నేరుగా స్టేషన్‌ను అందుకుంటుంది. పాత కారు రేడియో తెచ్చుకోండి. ఏఎం (మీడియం వేవ్) బ్యాండు ఉన్నది, పాత సామాన్ల కొట్లో దొరుకుతుంది. దానికి ఒళ్ళంతా ఇనుప పెట్టె, లోపల కడ్డీ ఉండదు, ఏరియల్ సాకెట్ ఒక్కటే దారి. 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి, అడాప్టర్ వద్దు, గుర్రుమంటుంది. తిరిగే కాయిల్‌కు గ్యాంగ్ అడ్డంగా కలిపి, ఒక కొస ఏరియల్ సాకెట్ నడిమి పిన్నుకు, రెండో కొస రేడియో బాడీకి.

అన్నీ కలిపాక, రెండు లూపులూ ఒకేసారి పెట్టకండి. ముందు ఉత్తర దక్షిణ లూప్ ఒక్కటే పెట్టి 612 మీద బెంగళూరు పట్టండి. లూప్ అంచు స్టేషన్ వైపు ఉంటేనే సిగ్నల్ గట్టిగా వస్తుంది, కాబట్టి బెంగళూరు ఈ లూప్‌లో ఘనంగా ఉండాలి. నాబ్ ఒక చుట్టు తిప్పండి. రెండు చోట్ల గొంతు చచ్చిపోతుంది, వాటి మధ్య సరిగ్గా 180 డిగ్రీలు ఉండాలి. తర్వాత ఆ లూప్ తీసేసి తూర్పు పడమర లూప్ ఒక్కటే పెట్టి కడప పట్టండి. ఇప్పుడు గొంతు చచ్చిపోయే చోట్లు మొదటివాటికి సరిగ్గా 90 డిగ్రీల దూరంలో పడాలి. 86 వచ్చిందంటే మీ చుట్లు నాలుగు మిల్లీమీటర్లు జరిగాయని అర్థం.

మాకు మొదటిసారి ఆ రెండు చోట్ల మధ్య 180 రాలేదు, 160 వచ్చింది. పైగా గొంతు పూర్తిగా చావకుండా లోపల సణుగుతూనే ఉంది. కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. లూప్ లూప్‌గా మాత్రమే పనిచెయ్యట్లేదు, మొత్తం తీగంతా కలిసి మామూలు నిలువు ఏరియల్‌లా కూడా సిగ్నల్ పడుతోంది. దానికి దిక్కు అంటూ ఉండదు, అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది, మన నిశ్శబ్దాన్ని నింపేస్తుంది. బయటి కాయిల్స్‌లో నడుమ వదిలిన మెలి ఉంది చూడండి, ఆ రెండు మెలికలనూ గీకి, రేడియో బాడీకి, అక్కణ్ణుంచి ఎర్త్‌కు కలపండి. మేం అది కలిపిన క్షణం బెంగళూరు గొంతు కత్తిరించినట్టు ఆగింది. మా పిల్ల "పెదనాయనా, బ్యాటరీ ఊడిందా?" అని అడిగింది. నాబ్ వెంట్రుకవాసి కదిపితే మళ్ళీ వచ్చింది. ముప్పై ఏళ్ళు రేడియోలతో గడిపినా ఆ నిమిషం నాకు ఒళ్ళు పులకరించింది.

ఈ నిశ్శబ్దపు చోటునే నల్ అంటారు, దిక్కు చెప్పేది ఇదే. కొత్తవాళ్ళు గట్టిగా వినపడే చోటు కోసం వెతుకుతారు, అది దండగ. లెక్క చూడండి. గట్టి చోటు నుంచి నాబ్ 10 డిగ్రీలు పక్కకు పోయినా సిగ్నల్ నూటికి ఒకటిన్నర పాలే తగ్గుతుంది. ఏ చెవికీ తెలియదు. పైగా శబ్దాన్ని ఒకే మట్టంలో ఉంచడానికి రేడియోలో ఉండే ఏజీసీ అనే ఏర్పాటు ఆ కాస్త తేడానూ సర్దేస్తుంది. నల్ దగ్గర అలా కాదు. ఒక డిగ్రీ పక్కన నూటికి 1.7 పాళ్ళు, రెండు డిగ్రీల పక్కన 3.5 పాళ్ళు, అంటే డిగ్రీకే రెట్టింపు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు ఈ రకం స్టేషన్లతోనే జర్మన్ నౌకల మీద నిఘా పెట్టారు. 1916లో జట్లాండ్ యుద్ధానికి ముందు ఓడరేవులో ఉన్న నౌక కదిలిందని వాళ్ళకు చెప్పింది ఒకటిన్నర డిగ్రీల తేడా.

ఇప్పుడు రెండు లూపులూ కలపండి. నాబ్ కింద కోణమానిని అతికించి, బెంగళూరు నల్ దగ్గర ముల్లును 180 మీద బిగించండి. తర్వాత కడప నల్ వెతకండి. 100 దగ్గర వస్తే సరే. 80 దగ్గర వస్తే ఒక లూప్ తీగల జత తిరగబడింది, ఆ రెండు కొసలూ మార్చండి. ఇరవై డిగ్రీల తేడా అనుమానంగా ఉంటే ఇంకా మంచి పరీక్ష ఉంది. మన ఊరి నుంచి విజయవాడ సుమారు 58 డిగ్రీలు, చెన్నై సుమారు 122. తీగలు తిరగబడితే దిక్కులు అద్దంలో చూసినట్టు తారుమారై విజయవాడ సరిగ్గా చెన్నై చోట, చెన్నై విజయవాడ చోట కనిపిస్తాయి. చలికాలం పొద్దున్నే విజయవాడ 837 మీద, చెన్నై 720 మీద వెతకండి. 122 దగ్గర తెలుగు ఆగిపోతే తీగలు మార్చాల్సిందే. ఈ పద్ధతి కనిపెట్టింది మా పిల్లే, మ్యాపు మీద గీతలు గీస్తూ.

నాబ్ ఒక చుట్టులో నల్ రెండుసార్లు వస్తుంది కాబట్టి తూర్పా పడమరా అనేది ఇది చెప్పదు. దానికి ఒక నిలువు తీగ నుంచి కొంచెం సిగ్నల్ కలపాలి. స్టేషన్ ఏ వైపు ఉందో ముందే తెలిసినవాళ్ళకు ఆ అవసరం రాదు, నేను కలపలేదు.

మిద్దె మీద ఎక్కడ పెట్టాలన్నది చివరికి తెలిసింది. మన వైపు పై అంతస్తు ఎప్పుడో ఒకప్పుడు వేస్తామని పిల్లర్ల కమ్ములు పైకి వదిలేస్తాం. మేం బొంగు కట్టింది అలాంటి కమ్ముల పక్కనే. కడప 107 దగ్గర వచ్చింది. ఫోన్‌లో దిక్సూచి కూడా అక్కడ తప్పు చూపించింది, దాన్ని నమ్మి లూపులు నిలబెట్టడంతో తప్పు మీద తప్పు పడింది. బొంగును ఆరు మీటర్ల అవతలికి మార్చి, దిక్సూచితో మళ్ళీ చూసి నిలబెట్టాం. 102 వచ్చింది. రెండు డిగ్రీల తేడాకు నేను ఒప్పుకున్నాను.

ఒకే నాబ్‌తో దిక్కు తిప్పడమనే ఈ ఆలోచన తర్వాత చాలా దూరం వెళ్ళింది. జాన్స్‌కీ పనిచేసిన హోమ్‌డెల్‌లోనే 1937 నాటికి ఫ్రీస్, ఫెల్డ్‌మన్ అనే ఇంజనీర్లు ఇంగ్లండ్ నుంచి వచ్చే షార్ట్‌వేవ్ పట్టడానికి ఆరు రాంబిక్ (వజ్రం ఆకారపు తీగ) ఏరియల్స్‌ను ముప్పావు మైలు పొడవునా వరసగా నిలబెట్టారు. ఒక్కో ఏరియల్ సిగ్నల్‌ను ఒక్కో ఫేజ్ షిఫ్టర్ (అలను కాస్త ముందుకో వెనక్కో జరిపే పరికరం) గుండా పంపి, ఆ షిఫ్టర్లన్నిటినీ పళ్ళచక్రాలతో కలిపారు. ఒకటి ఒక చుట్టు తిరిగితే తర్వాతది రెండు, ఆ తర్వాతది మూడు. షార్ట్‌వేవ్ ఆకాశం నుంచి ఒకేసారి రెండు మూడు కోణాల్లో దిగుతుంది. వాళ్ళు ఒక్కో కోణానికీ విడిగా గురిపెట్టి, ఆలస్యం సరిచేసి కలిపి విన్నారు. మనకు దగ్గర్లో, హిందూపురం దాటితే గౌరీబిదనూరు దగ్గర, సుమారు వెయ్యి డైపోల్స్ (రెండు చేతుల సాదా తీగ ఏరియల్స్) ఉన్న రేడియో టెలిస్కోపు కట్టారు. 34.5 మెగాహెర్ట్జ్, తూర్పు పడమరగా 1.4 కిలోమీటర్ల పొడవు. ఆ డైపోల్స్‌లో ఒక్కటీ కదిలేది కాదు, చూపు మాత్రం ఉత్తరానికీ దక్షిణానికీ జరిగేది. ఇంట్లో డబ్బా నాబ్ తిప్పినవాళ్ళకు అది ఎలా పనిచేసిందో అర్థమవుతుంది.

స్టేషన్ల దిక్కు మ్యాపులోనే ఉంది కదా, దీనితో ఇంకేం చేస్తారని అడిగేవాళ్ళున్నారు. మా వీధిలో 1000 కిలోహెర్ట్జ్ చుట్టూ రోజంతా జుయ్యిమని ఒక గోల ఉండేది. మా మిద్దె నుంచి దాని నల్ 35 మీద వచ్చింది. బొంగు విప్పి రెండు వీధుల అవతల మా బావమరిది మిద్దె మీద కట్టాం, అక్కడ 330. వీధుల పటం మీద రెండు గీతలు గీస్తే ఒక ఇంటి దగ్గర కలిశాయి. వాళ్ళ గేటు కెమెరా అడాప్టర్ అది. అడిగితే మార్చారు. ఒక జాగ్రత్త: గోల కరెంటు తీగల వెంట ప్రయాణిస్తుంది, ఒక్కోసారి నల్ అసలు వస్తువును కాక వీధి తీగను చూపిస్తుంది. రెండు చోట్ల కాదు, మూడు చోట్ల కొలిస్తే మంచిది.

మబ్బు పట్టి ఉరిమిందంటే లూపుల తీగలు రేడియో గది బయటే విప్పేసి ఎర్త్‌కు కలపండి, మిద్దె దిగిపోండి. మే నెలలో సాయంత్రం గాలివాన ముందు పటపటమనే చప్పుళ్ళకు కూడా దిక్కు పట్టవచ్చు. 1920లలో వాట్సన్ వాట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇలాంటి జంట లూపులకు ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం) తగిలించి మెరుపుల దిక్కు చూశాడు. కానీ అది మబ్బు దూరాన ఉన్నప్పుడు చేసే పని.

కొలతలన్నీ పగటిపూటే తీసుకోండి. పొద్దు కుంకాక ఆకాశం నుంచి తిరిగి దిగే అల నేల వెంట వచ్చే అలతో కలుస్తుంది. అలా దిగిన అల లూప్ అడ్డతీగల్లో కూడా కరెంటు పుట్టిస్తుంది, అప్పుడు దిక్కు అబద్ధమవుతుంది. ఆ అడ్డతీగలు లేకుండా నిలువు తీగలతోనే కట్టే పద్ధతికి 1919లో అడ్‌కాక్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. మేం ఒక సాయంత్రం కావాలనే కూర్చుని చూశాం. ఆరింటికి బెంగళూరు నల్ 180 మీద సూదిమొనలా ఉంది. ఏడుకు కాస్త వెడల్పయింది. ఏడున్నరకు 170కి పోయి, రెండు నిమిషాల్లో 188కి వచ్చి, మధ్యలో కొన్నిసార్లు నల్ అన్నదే లేకుండా పోయింది. పిల్ల ప్రతి ఐదు నిమిషాలకూ నోట్‌బుక్‌లో రాసింది. మరుసటి రోజు పొద్దున ఎనిమిదింటికి నాబ్ ముట్టుకోకుండా పాత గీత మీదే ఉంచి రేడియో ఆన్ చేశాం. 612 మీద నిశ్శబ్దం.